మా పిన్ని కార్పొరేటర్‌గా నిలబడింది, కరోనా తర్వాత డివిజన్‌కి ముందు ఏం చెయ్యాలో చెప్పండి (2021 మార్చి నాటి చర్చ)

కొండమెట్లు_బెజవాడ:

అందరికీ నమస్తే అండి. మా పిన్ని వన్‌టౌన్ వైపు ఒక డివిజన్‌లో (వార్డులో) కార్పొరేటర్‌గా పోటీ చేస్తుంది. మావి కొండ మీద, మెట్ల దారి వెంట ఉండే ఇళ్ళు. పోయినేడాది, 2020 మార్చిలోనే నామినేషన్ వేసింది, 23న పోలింగ్ అన్నారు, తీరా 15వ తారీఖున ఎలక్షన్ కమిషనర్ రమేష్ కుమార్ గారు కరోనా వల్ల ఆపేశారు, ఆ తర్వాత లాక్‌డౌన్, ఇంక అందరం ఆ సంగతే మర్చిపోయాం. ఇప్పుడు మళ్ళీ ఆగిన చోట నుంచే మొదలెట్టారు, అవే నామినేషన్లు, నిన్నటితో విత్‌డ్రాలు కూడా అయిపోయినియ్, 10వ తారీఖు బుధవారం పోలింగ్, 14న కౌంటింగ్.

అసలు సమస్య ఏంటంటే అప్పట్లో కొట్టించిన పాంప్లెట్లు ఒక కట్ట ఇంకా బీరువా మీద ఉన్నాయి. నిన్న రాత్రి తీసి చదివాం. సిమెంట్ రోడ్లు, వీధి లైట్లు, సైడు కాలవలు, సందు మొదట్లో ఆర్చి. చదువుతుంటే నాకు వేరే ఎవరిదో ఊరు గురించి చదివినట్టు అనిపించింది. ఈ ఏడాదిలో మా మెట్ల మీద ఇద్దరు పెద్దవాళ్ళు పోయారు, హోటల్లో పనిచేసే నలుగురు కుర్రాళ్ళకి పని పోయింది, ఒకాయన బజ్జీల బండి అమ్మేసుకున్నాడు. పిన్నిది టైలరింగ్, ఎండాకాలం పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం పోయి మాస్కులు కుట్టుకుని నెట్టుకొచ్చింది. బాబాయ్ ఆటోనగర్‌లో లేత్ పని, రెండు నెలలు ఒక్క రూపాయి రాలేదు.

ప్రచారానికి వెళ్తుంటే ఒక ఇంట్లో వడ్డీల గురించి చెప్తారు, పక్కింట్లో నీళ్ళు రావట్లేదంటారు, ఇంకో ఇంట్లో పిల్లోడు చదువు మర్చిపోయాడంటారు, ముసలాళ్ళేమో టీకా ఎక్కడ వేస్తారమ్మా అని అడుగుతారు. పిన్ని అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. కానీ పాంప్లెట్‌లో ఏం రాయాలి? "రాసింది చెయ్యలేకపోతే ఈ మెట్ల మీద నేను తలెత్తుకుని నడవలేనురా, ఇక్కడే కదా బతకాల్సింది" అంటుంది. పార్టీల గురించి వద్దండి ప్లీజ్. ఒక కార్పొరేటర్ నిజంగా చేతనైంది ఏం చెయ్యొచ్చు, దేంతో మొదలెట్టాలి అది చెప్పండి చాలు. 8 సాయంత్రంతో ప్రచారం ఆపెయ్యాలి కాబట్టి కొంచెం త్వరగా.

బీసెంట్‌రోడ్_బండి:

అన్నా మాది బీసెంట్ రోడ్‌లో రెడీమేడ్ బట్టల బండి, నాన్న పెట్టి ఇరవై ఏళ్ళ పైన అయింది. నన్నడిగితే ఫస్ట్ అప్పులు. ఎందుకంటే లాక్‌డౌన్‌లో తిండి ఎలాగో గడిచింది, రేషన్ ఇచ్చారు, వెయ్యి రూపాయలు ఇచ్చారు, చుట్టుపక్కలవాళ్ళు పెట్టారు, కానీ తెరిచాక సరుకు తేవడానికి డబ్బులు లేవు. అప్పుడు మొదలైంది అసలు కష్టం. వస్త్రలత బట్టల మార్కెట్‌లో హోల్‌సేల్ వాళ్ళు ముందు పాత బాకీ తీర్చమన్నారు, తప్పు కాదు వాళ్ళకీ ఇబ్బందే. దాంతో డైలీ ఫైనాన్స్‌కి వెళ్ళాం. పదివేలు అని చెప్పి చేతికి ఎనిమిదిన్నర ఇస్తాడు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి, బేరం ఉన్నా లేకపోయినా సాయంత్రం బండి మీద వచ్చి నిలబడతాడు. వాన పడినా వంద, జ్వరం వచ్చినా వంద. 2015లో కాల్‌మనీ గొడవ (అధిక వడ్డీకి అప్పులిచ్చి జనాన్ని వేధించింది) ఈ ఊళ్ళోనే కదా బయటపడింది, అప్పుడు అంత అల్లరి జరిగింది, కరోనా టైంలో మళ్ళీ అదే గతి చాలామందికి.

ఇంకో పక్క గవర్నమెంట్ లోన్లు ఉన్నాయి. సెంట్రల్‌ది స్వనిధి, పోయిన జూన్‌లో పెట్టారు, పదివేలు, ఏడాదిలో నెల నెలా కట్టాలి, టైముకి కడితే 7 శాతం వడ్డీ రాయితీ వెనక్కి అకౌంట్‌లో వేస్తారు, అది సక్రమంగా తీర్చితే తర్వాత ఇంకా ఎక్కువ ఇస్తారు. రాష్ట్రానిది జగనన్న తోడు, నవంబర్ 25న మొదలైంది, అదీ పదివేలే, వడ్డీ మొత్తం గవర్నమెంటే కడుతుంది. మరి ఇవి ఉండగా మా లైన్‌లో అంతమంది డైలీ ఫైనాన్స్‌కి ఎందుకు వెళ్ళారు? ఒకరికి ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ లేదు, ఒకరి పేరు వెండర్ల సర్వేలో లేదు, ఒకరు బ్యాంకుకి నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లు రేపు రమ్మన్నారు, బండి వదిలేసి బ్యాంకు చుట్టూ తిరిగితే ఆ రోజు సంపాదన పోయినట్టే కదా. సర్వేలో పేరు లేకపోయినా కార్పొరేషన్ నుంచి సిఫార్సు లెటర్ తెచ్చుకుంటే లోన్‌కి పెట్టుకోవచ్చు అనేది మా నాన్నకి మూడు నెలల తర్వాత తెలిసింది. అప్పటికి వంద రోజుల ఫైనాన్స్ తీర్చి రెండోది కూడా ఎత్తాడు.

మీ పిన్ని గారు ఏమీ డబ్బులు ఇవ్వక్కర్లేదు అన్నా. డివిజన్‌లో బండ్లు ఎన్ని, బుట్టలు పెట్టుకునేవాళ్ళు ఎంతమంది, ఎవరి కాగితం ఎక్కడ ఆగింది అని ఒక పుస్తకం పెట్టి, వారానికి ఒకరోజు బ్యాంకుకి ఆవిడే నలుగురిని తీసుకెళ్తే చాలు. ఒక్కడే వెళ్తే రేపు రా అంటారు, కార్పొరేటర్ పక్కన నిలబడితే కుర్చీ వేస్తారు. నేను చూసిన మాట ఇది.

రిటైర్డ్_బ్రాడీపేట:

బాబూ, నాది గుంటూరు. మున్సిపల్ సర్వీసులో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైర్ అయ్యాను. మీ పిన్ని గారి మాట నాకు బాగా నచ్చింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ కరోనా కాలమంతా మన రెండు ఊళ్ళలోనూ కౌన్సిల్ లేదు, అంటే ఎన్నికైన కార్పొరేటర్లు లేరు. మీ బెజవాడలో 2014లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2019లో అయిపోయింది, మా గుంటూరులో అయితే 2010 నుంచీ ఎన్నికలే లేవు, స్పెషలాఫీసర్ల పాలనే. కంటైన్‌మెంట్ జోన్ అని వీధికి అడ్డంగా కర్రలు కట్టినప్పుడు, లోపల పాలు అయిపోయినప్పుడు, డయాలసిస్‌కి వెళ్ళాల్సినవాడు ఇరుక్కున్నప్పుడు జనం ఎవర్ని అడగాలి? వాలంటీర్‌ని, వార్డు సచివాలయంలో పనిచేసే పిల్లల్ని. వాళ్ళు పాపం చాలా కష్టపడ్డారు, నేను కళ్ళారా చూశాను, కానీ పైవాళ్ళతో గట్టిగా మాట్లాడే అధికారం ఆ పిల్లలకి ఎక్కడుంది. ఓటేసి గెలిపించిన మనిషి వీధిలో ఉండటానికి లేకపోవటానికి తేడా అక్కడే తెలిసింది. ఇప్పుడు మీకు 64 మంది, మాకు 57 మంది వస్తారు. ఒక మాటు మళ్ళీ ఇలాంటిది వస్తే మా డివిజన్‌లో ఎవరు ఏం చూసుకుంటారు అనేది మీ పిన్ని గారు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఎవరు, రోజూ మందులు వాడేవాళ్ళు ఎవరు, గర్భిణీలు ఎవరు, ఆటో రాని మెట్ల మీద నుంచి పేషెంట్‌ని కిందకి దింపేది ఎవరు.

రెండోది, కార్పొరేటర్ చేతిలో ఏముంది ఏం లేదు. పనులు చేయించేది కమిషనర్, కార్పొరేటర్ సంతకంతో రూపాయి కదలదు. కానీ బడ్జెట్ కౌన్సిల్‌లోనే పాసవ్వాలి, ప్రశ్న అడిగే హక్కు ఉంది, అజెండాలో ఉన్న ప్రతి ఐటమ్ మీదా మాట్లాడొచ్చు. చాలామంది అజెండా పుస్తకం తెరవకుండానే చెయ్యెత్తుతారు. దయచేసి ఆవిడని ఆ పుస్తకం ముందురోజు రాత్రి కూర్చుని చదవమనండి. అర్థం కాకపోతే మాలాంటి రిటైరైనవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు, పిలిస్తే ఇష్టంగా వచ్చి చెప్తాం.

కరోనా వల్ల దెబ్బతిన్నవాళ్ళకి కౌన్సిల్ చెయ్యగలిగినవి నాకు తెలిసి రెండు మూడున్నాయి. మున్సిపల్ షాపుల్లో అద్దెకుండేవాళ్ళు మూతపడ్డ నెలలకి అద్దె ఎలా కడతారు, దాని మీద తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపొచ్చు. ఆస్తిపన్ను సంగతి ఇంకా పెద్దది. పోయిన నవంబర్‌లో చట్టం మార్చారు, ఇన్నాళ్ళూ అద్దె విలువ మీద వేసే పన్నుని ఇక ఆస్తి విలువ మీద వేస్తారు, ఈ ఏప్రిల్ నుంచే. సంపాదన పడిపోయిన ఏడాదిలో ఇది వస్తోంది. దీని మీద ఆవిడ అభిప్రాయం ఏంటో ఓటర్లకి ముందే చెప్పాలి, గెలిచాక చెప్పటం కాదు. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉంటుందని కూడా ఇంటింటికీ చెప్పించండి, చాలామందికి తెలీదు.

ఇంకొక మాట, ఇప్పుడు ఎన్నికల కోడ్ ఉంది. మంచి మనసుతోనే అయినా సరే మాస్కులు, బియ్యం, మందులు ఏవీ పంచొద్దు. కేసవుతుంది.

కొండమెట్లు_బెజవాడ:

అయ్యో మాస్టారూ మంచిపని చేశారు చెప్పి, పిన్ని కుట్టినవి రెండొందల మాస్కులు ఉన్నాయి, రేపు పంచుదామనుకుంటున్నాం. ఆపేస్తాం.

ఏఎన్ఎం_అక్క:

నేను అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఏఎన్ఎంగా, అంటే నర్సుగా పనిచేస్తాను, అందుకని పేరు పెట్టట్లేదు. పైన తమ్ముడు అప్పులు ఫస్ట్ అన్నాడు, నేను ఒప్పుకోను తమ్ముడూ, ఏమీ అనుకోకు. టీకా ఫస్ట్. మొన్న ఒకటో తారీఖు నుంచి 60 దాటినవాళ్ళకి, 45 దాటి షుగర్ బీపీ లాంటి జబ్బులు ఉన్నవాళ్ళలో కొందరికి మొదలెట్టారు. గవర్నమెంట్‌లో ఫ్రీ, ప్రైవేట్‌లో 250. వినడానికి బానే ఉంది కానీ ఫోన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, లేదా ఆధార్ పట్టుకుని సెంటర్‌కి రావాలి. కొండ మీద ఉండే డెబ్బై ఏళ్ళ మామ్మ రెండొందల మెట్లు దిగి ఆటో ఎక్కి వస్తుందా? వచ్చినా రెండో డోసుకి నాలుగు వారాల తర్వాత మళ్ళీ రావాలి. పైగా భయం. టీకా వేసుకుంటే జ్వరం వచ్చి పోతారంట కదా అని నన్నే అడుగుతారు. నేను వేయించుకున్నాను, ఒకరోజు ఒళ్ళు నొప్పులు, అంతే అని చెప్తాను.

మహారాష్ట్రలో మళ్ళీ కేసులు పెరుగుతున్నాయని రోజూ టీవీలో వస్తుంది. మనవాళ్ళేమో మాస్కు జేబులో పెట్టుకుని ర్యాలీల్లో తిరుగుతున్నారు, చూస్తుంటే గుండె దడ వస్తుంది నిజంగా. కృష్ణలంక రెడ్‌జోన్ అయినప్పుడు నేను సర్వేకి వెళ్ళాను, ఒక్కో ఇంట్లో ఆరుగురు ఏడుగురు, ఒకటే గది, ఒకటే బాత్రూం, వీళ్ళని దూరం దూరంగా ఉండమని చెప్పడానికి నాకే సిగ్గేసింది. మళ్ళీ అది రాకూడదు. దుకాణం మళ్ళీ మూతపడితే ఆ పదివేలు లోన్ కూడా మునిగిపోయేదే కదా తమ్ముడూ, అందుకే ముందు ఇది అంటున్నాను.

మీ పిన్ని చెయ్యాల్సింది, గెలిచిన మర్నాడే 60 దాటినవాళ్ళ లిస్టు మా ఏఎన్ఎంల దగ్గర, ఆశాల దగ్గర కూర్చుని సరిచూసుకుని, ఆటోలు మాట్లాడి బ్యాచ్‌లుగా తీసుకురావడం. కొండ కింద కమ్యూనిటీ హాల్‌లో క్యాంపు పెట్టమని ఆఫీసర్లకి లెటర్ పెట్టడం. ఆవిడ ముందు తను మాస్కు పెట్టుకుని ప్రచారం చెయ్యాలి, ముక్కు కింద కాదు.

తెల్లారుజామున_చీపురు:

మా అమ్మ పారిశుధ్య కార్మికురాలు. పై వాళ్ళందరూ బాగా చెప్పారు కానీ మాలాంటోళ్ళ గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నా. జనవరి 16న మన గవర్నమెంట్ ఆసుపత్రి జీజీహెచ్‌లో మొదటి టీకా వేసింది పారిశుధ్య కార్మికురాలికే, టీవీలో చూసి అమ్మ ఏడ్చేసింది. లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులేసుకుని ఉంటే పొద్దున్నే నాలుగున్నరకి అమ్మ మామూలుగానే వెళ్ళింది. బ్లీచింగ్ చల్లింది, పాజిటివ్ ఉన్న ఇళ్ళ ముందు చెత్త ఎత్తింది. మొదట్లో గ్లౌజులు చిరిగిపోతే వేరేవి వచ్చేదాకా ప్లాస్టిక్ కవర్లు చేతులకి కట్టుకుంది. ఊళ్ళ శుభ్రతకి ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ 2020లో పెద్ద సిటీల్లో మన విజయవాడకి నాలుగో ర్యాంక్ వచ్చిందని ఫ్లెక్సీలు కట్టారు, ఆ ర్యాంకు వీళ్ళ నడుములు విరిగి వచ్చింది. వాడేసిన మాస్కులు, సిరంజీలు ఇప్పటికీ తడిచెత్తలో కలిపేసి ఇస్తన్నారు జనం. మీ పిన్ని గారు ఒక్కటి చెయ్యమనండి, డివిజన్‌లో పనిచేసే కార్మికులు ఎంతమందో పేర్లతో తెలుసుకుని నెలకోసారి వాళ్ళతో కూర్చోమనండి. జీతం 12 వేలు, హెల్త్ అలవెన్స్ 6 వేలు, రెండూ టైముకి పడ్డాయా, గ్లౌజులు బూట్లు ఇచ్చారా, ఎవరికన్నా ఒంట్లో బాలేదా అని అడిగితే చాలు. ఇంతవరకు మా అమ్మని ఎవరూ అడగలేదు.

టీచర్_సింగ్‌నగర్:

నేను మున్సిపల్ స్కూల్లో చేస్తాను. ప్రైమరీ పిల్లలు ఫిబ్రవరి 1న వచ్చారు, అంటే దాదాపు పదకొండు నెలల తర్వాత. మూడో తరగతి పిల్ల తన పేరు రాయడం మర్చిపోయింది. ఆన్‌లైన్ క్లాసులన్నారు, ఇంట్లో ఒకటే ఫోన్, అది నాన్నతో పనికి వెళ్ళిపోతుంది. పెద్ద క్లాసుల మగపిల్లలు కొందరు ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్లలో చేరారు, ఇంకా తిరిగి రాలేదు, వాళ్ళ అమ్మలని అడిగితే "వాడి రెండొందలే ఇల్లు నడుపుతుంది మేడం" అన్నారు, నేనేం చెప్పను. ఇంకోపక్క ప్రైవేట్‌లో ఫీజులు కట్టలేక మా స్కూల్‌కి వచ్చిన పిల్లలూ ఉన్నారు, బెంచీలు సరిపోవట్లేదు.

మెట్ల మీద డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలు ఎంతమంది లేరు? సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కమ్యూనిటీ హాల్ తాళం తీయించి లైటు వేయిస్తే మిగతాది మేం చూసుకుంటాం. బడి మానేసిన పిల్లల ఇళ్ళకి మాతో పాటు ఆవిడ కూడా వస్తే ఇంకా మంచిది. టీచర్ వస్తే తలుపు సగం తీస్తారు, తెలిసిన పిన్ని వస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

బీసెంట్‌రోడ్_బండి:

అక్కా టీకా విషయంలో మీరన్నదే కరెక్ట్, మళ్ళీ మూతపడితే మా పని అయిపోయినట్టే, ఒప్పుకుంటా. కానీ నాకు ఒక్కటి అనిపిస్తుంది, రెండూ వేరు వేరు పనులు కాదేమో. మామ్మకి ఆధార్ లింక్ లేదు, మా నాన్నకీ లింక్ లేదు. ఇద్దరికీ కావాల్సింది కాగితం పట్టుకుని కూర్చునే మనిషి.

మాస్టారూ, ఇంకోటి అడగాలి, తోపుడు బండ్ల చట్టం అని 2014ది ఉందంట కదా, సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని. అది నిజమేనా?

రిటైర్డ్_బ్రాడీపేట:

నిజమే బాబూ. వీధి వ్యాపారుల చట్టం. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదనే ఉంది. టౌన్ వెండింగ్ కమిటీ అని కూడా ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఎన్నుకున్న వాళ్ళుండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. మీ కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. ఎవరున్నారో మీ లైన్‌లో ఎవరికీ తెలియకపోతే మీ కొత్త కార్పొరేటర్ కౌన్సిల్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

నీళ్ళ గురించి ఎవరూ రాయలేదు. కొండ మీద రోజు ఎన్ని గంటలు వస్తాయి?

కొండమెట్లు_బెజవాడ:

పై వరసకి పొద్దున్నే అరగంట సార్, అదీ మోటర్ బాగుంటే. కరెంట్ పోతే లేదు. కరోనాలో గంటకోసారి చేతులు కడుక్కోమని మైకులో చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళు, పై వరసలో ఆడవాళ్ళు బిందెలతో కిందకి దిగి ట్యాంకర్ దగ్గర గుంపుగా నిలబడేవాళ్ళు. అక్కడే అంటుకుందేమో అని ఇప్పటికీ అనుకుంటాం. అక్టోబర్ వానలకి ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు పడ్డాక మా పై వరస వాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు.

ఇవన్నీ పిన్నికి చదివి వినిపించాను, టీచర్ గారిది, చీపురు చెల్లిది రెండుసార్లు చదివించుకుంది. చెల్లీ, మీ అమ్మగారు మా సందులో పనిచేసే ఆవిడైతే ఒకసారి మాట్లాడాలంటుంది, కాకపోయినా మాట్లాడాలంటుంది.

పాంప్లెట్ మార్చేశాం. ఆర్చి తీసేశాం. ఇలా రాశాం చూడండి: గెలిచిన నెలలోపు 60 దాటిన ప్రతి ఒక్కరినీ టీకాకి నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. ప్రతి సోమవారం, గురువారం సాయంత్రం మెట్ల కింద నా కుట్టు మిషను దగ్గరే కూర్చుంటాను, లోన్, పెన్షన్, రేషన్, ఆధార్ ఏ కాగితమైనా తెచ్చుకోండి. కమ్యూనిటీ హాల్‌లో సాయంత్రం పిల్లలకి చదువు. పై వరసకి రోజూ గంట నీళ్ళు వచ్చేదాకా ప్రతి కౌన్సిల్ మీటింగ్‌లో అడుగుతాను. ఆస్తిపన్ను మార్పుకి నేను వ్యతిరేకం. నీళ్ళ దగ్గర "ఇప్పిస్తాను" అని రాద్దామన్నాను నేను, పిన్ని ఒప్పుకోలేదు, అడుగుతాను అనే రాయించింది.

మాస్టారూ, ఆదివారం మీకు వీలైతే ఒకసారి బెజవాడ వస్తారా? గెలుస్తుందో లేదో తెలీదు కానీ ఆ అజెండా పుస్తకం ఎలా చదవాలో ఇప్పుడే చెప్పించుకుంటానంటుంది.

రిటైర్డ్_బ్రాడీపేట:

వస్తాను. పొద్దున్న బస్సుకి బయల్దేరి పది కల్లా బస్టాండ్‌లో దిగుతాను. పాత బడ్జెట్ పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, గుంటూరుదే అయినా పద్దులన్నీ ఒకే తీరున ఉంటాయి, తెస్తాను. నాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేను, మిషను దగ్గరే కూర్చుందాం.